ఓడినవాడు మర్నాడు ఏం చేశాడు?

మొన్న ఆదివారం మా యింట్లో చిన్నపాటి యుద్ధం జరిగింది. కూరలో వుప్పు గురించి కాదు, కరెంటు బిల్లు గురించీ కాదు. ఓ సినిమా గురించి.

భోజనాలయ్యాక మా అబ్బాయి టీవీలో 'రాకీ' పెట్టాడు. 1976లో వచ్చిన అమెరికన్ సినిమా. గుద్దులాటలంటే గిట్టని మా అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ ఓ పక్కన కూచున్నారు. ఇంగ్లీషు రాకపోయినా మనవడు చెబుతూ వుంటే కథంతా పట్టేసుకున్నారు. హీరో పచ్చిగుడ్లు గ్లాసులో కొట్టుకుని గటగటా తాగినప్పుడు "రామ రామ" అని ముఖం తిప్పుకున్నారు. చివరి పోటీలో దెబ్బలు తిని తిని అతని కళ్ళు వాచిపోయినప్పుడు మాత్రం వత్తులు పక్కన పెట్టేశారు. అంతలో ఆట ముగిసింది. తెరనిండా కేకలు, తోపులాట, కౌగిలింతలు.

"గెలిచాడా?" అన్నారు ఆత్రంగా.

"లేదు నాయనమ్మా, ఓడిపోయాడు."

"ఓడిపోతే మరి ఆ పిల్లని పట్టుకుని ఆ సంబరం ఏమిట్రా?"

మావాడు ఏదో చెప్పబోయాడు గాని ఆవిడ వినిపించుకోలేదు. "ఓడిపోయినవాణ్ణి చూపించడానికా నన్ను రెండు గంటలు కూచోబెట్టావు? ఓడినవాళ్ళని చూడాలంటే మన వీధి చివరిదాకా నడిస్తే చాలదూ? దానికి సినిమా ఎందుకు?" అని తేల్చేశారు.

మావారు వెంటనే తల్లి పక్షం చేరారు. "కష్టపడ్డవాడు గెలవాలి. లేకపోతే కష్టపడి చదవమని పిల్లలకి ఏ ముఖం పెట్టుకుని చెబుతాం?" అన్నారు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "అన్నీ గెలిచే సినిమాలే కదా డాడీ. మొదటి పది నిమిషాల్లోనే చివర ఏమవుతుందో తెలిసిపోతుంది. ఓడిపోతేనే నిజంలా వుంటుంది" అన్నాడు.

ముగ్గురూ నావైపు తిరిగారు. నవలలు రాసేదాన్ని కదా, పాత్రల్ని గెలిపించడం, ఓడించడం నా చేతిలో పని అని వాళ్ళ నమ్మకం. కాఫీ పెట్టే మిషతో వంటింట్లోకి జారుకున్నాను గాని, ఆ ప్రశ్న వారం రోజులుగా నన్ను వదల్లేదు. ఎవరూ లెక్కచెయ్యని ఓ అనామకుడు పెద్ద మొనగాడి మీదికి పోటీకి వెళ్ళినప్పుడు, చివరికి అతను గెలవాలా, ఓడాలా?

ముందు రాకీ సంగతే చూద్దాం. ఫిలడెల్ఫియా నగరంలో వడ్డీ వ్యాపారి తరఫున బాకీలు వసూలు చేసుకు బతికే చిల్లర బాక్సరు అతను. ప్రపంచ ఛాంపియన్ అపోలో క్రీడ్ తనతో తలపడాల్సినవాడికి దెబ్బ తగలడంతో, సరదాకి ఓ అనామకుణ్ణి ఎంచుకుంటాడు. ఎంచుకోవడానికి కారణం రాకీ ప్రతిభ కాదు, పోస్టరు మీద అతని పేరు బాగుంటుందని! పోటీకి ముందు రాత్రి రాకీ ఒంటరిగా ఆ ఖాళీ హాలుకి వెళ్ళి చూసి, యింటికొచ్చి తను ప్రేమించిన ఏడ్రియన్‌తో నిజం చెప్పేస్తాడు. తను గెలవలేడు. చివరి గంట మోగేసరికి కాళ్ళమీద నిలబడి వుంటే చాలు, తను ఆ పేటలో పుట్టిన మరో పనికిమాలినవాణ్ణి కానని తనకి తెలుస్తుంది.

నా మట్టుకు నాకు సినిమా మొత్తంలో అసలైన ఘట్టం అదే. అక్కడ అతను తన కొలబద్ద తనే తయారు చేసుకున్నాడు. అందుకే మర్నాడు, 15 రౌండ్లు పూర్తయ్యాక, స్వల్ప తేడాతో ఓడిపోయావని మైకులో చెబుతుంటే అతను వినను కూడా వినడు. ఏడ్రియన్ కోసం కేకలేస్తుంటాడు. ఆమె జనాన్ని తోసుకుంటూ వస్తుంది. ఆ తోపులాటలో ఆమె టోపీ ఎక్కడో పడిపోతుంది. కళ్ళు తెరవలేని స్థితిలో వున్న మనిషి ఆమెని అడిగే మొదటి మాట, నీ టోపీ ఏదని! ఎంత ముచ్చటైన ప్రశ్న! ఆ ఒక్క ప్రశ్న చాలు, ఈ మనిషి రేపు కూడా బతుకుతాడని మనకి తెలియడానికి.

ఈ కథకి ఓ నిజమనిషి ఆధారం వుంది. మద్యం అమ్మే వుద్యోగం చేసుకుంటూ బాక్సింగ్ చేసిన చక్ వెప్నర్. 1975 మార్చి 24న అతను సాక్షాత్తూ మహమ్మద్ ఆలీతో తలపడ్డాడు. తొమ్మిదో రౌండులో ఆలీ కింద పడ్డాడు కూడా. కాని పదిహేనో రౌండు ముగియడానికి సరిగ్గా 19 సెకన్లుందనగా రిఫరీ పోటీ ఆపేసి, వెప్నర్ ఓడిపోయాడని ప్రకటించాడు. అది చూసిన సిల్వెస్టర్ స్టాలోన్ మూడున్నర రోజుల్లో 'రాకీ' కథ చిత్తుప్రతి రాశాడంటారు.

అంటే చూడండి, నిజజీవితంలో వెప్నర్ చివరిదాకా నిలబడలేకపోయాడు. కథలో స్టాలోన్ అతనికి బెల్టు యివ్వలేదు, కిరీటం యివ్వలేదు. ఆ 19 సెకన్లు యిచ్చాడు. అంతే. రచయిత అన్నవాడు పాత్రకి ఎంత పెట్టాలో అంతే పెట్టడమంటే యిది. పెళ్ళి విందులో పెద్దింటి వడ్డనలా చెయ్యి జారిపోలేదు. ఆ సంయమనానికి ఫలం దక్కింది కూడా. 1977లో ఉత్తమ చిత్రంతో సహా మూడు ఆస్కార్లు వచ్చాయి.

అయితే ఆ సంయమనం ఎన్నాళ్ళు నిలిచింది? మూడేళ్ళు తిరక్కుండానే, 1979లో 'రాకీ' రెండో భాగం వచ్చింది. అందులో రాకీ శుభ్రంగా గెలిచేశాడు. మా అత్తయ్యగారిలాంటి వాళ్ళు అమెరికాలోనూ చాలామందే వున్నారన్నమాట.

అలాగని హీరో ఓడితేనే మంచి సినిమా అని నేను అనను. మావాడి వాదంలో లోపం అక్కడే. 2001లో వచ్చిన 'లగాన్' తీసుకోండి. 1893 నాటి పల్లెటూరు. వానల్లేవు. క్రికెట్‌లో గెలిస్తే మూడేళ్ళు పన్ను మాఫీ, ఓడితే మూడింతలు కట్టాలి. ఆ పందెంలో భువన్ ఓడిపోతే ఓడేది ఓ ఆటగాడు కాదు, ఆ వూరి గాదెలు. పసిపిల్లల నోటి దగ్గర అన్నం. అక్కడ 'నిజంలా వుంటుంది' అని దర్శకుడు వాళ్ళని ఓడిస్తే అది కళ కాదు, కసాయితనం. ఆఖరి బంతికి సిక్సరు కొట్టడం నమ్మశక్యంగా లేకపోయినా హాలంతా లేచి నిలబడిందంటే, ఆ గెలుపు కథకి ఆకలి కాబట్టి.

కనక గెలుపా, ఓటమా అన్నది మొదటి ప్రశ్న కాదు. ఈ మనిషి మొదట ఏం కోరుకున్నాడు? అది అతనికి దక్కిందా లేదా? ఇది మొదటి ప్రశ్న. రాకీ నిలబడాలనుకున్నాడు, నిలబడ్డాడు. భువన్ వూరిని బతికించాలనుకున్నాడు, బతికించాడు. స్కోరుబోర్డు రెండుచోట్లా వేరు, లెక్క ఒకటే.

ఇంతవరకు రాసి కలం మూసేసి వుంటే మా యింట్లో రాజీ కుదిరేది. కాని మన సినిమాలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటుంటే నన్ను మరో సంగతి పట్టుకుంది. మనవాళ్ళు ఓటమిని చూపించరని కాదు. చూపిస్తారు. ఎక్కడ చూపిస్తారన్నదే చూడాలి.

2007 నాటి 'చక్ దే ఇండియా' చూశారు కదా. పాకిస్తాన్ మీద ఆఖరి క్షణంలో గోలు కొట్టలేకపోయిన హాకీ కెప్టెన్ కబీర్ ఖాన్ మీద దేశద్రోహి అన్న ముద్ర పడుతుంది. గోడ మీద ఆ మాట రాస్తారు. అతను తల్లిని తీసుకుని, పుట్టి పెరిగిన యిల్లు వదిలి వెళ్ళిపోతాడు. ఓడినవాడి మర్నాడు ఎలా వుంటుందో అంత బాగా చూపిన దృశ్యం మన దేశపు ఆటల సినిమాల్లో తక్కువ. కాని అదెంతసేపు? మొదటి కాసిన్ని నిమిషాలు. వెంటనే ఏడేళ్ళు దాటేసి కథ మొదలవుతుంది. ఆ ఏడేళ్ళు అతను ఎలా బతికాడు? పొద్దున్నే లేచి ఏం చేశాడు? పాలవాడు అతనితో ఏం మాట్లాడాడు? మనకి తెలియదు. ఓటమి మన సినిమాకి గడపలాంటిది. దాటడానికే గాని కూచోడానికి పనికిరాదు. గడప మీద కూచోకూడదని మా అమ్మమ్మ కూడా అనేది లెండి!

2013లో వచ్చిన 'భాగ్ మిల్ఖా భాగ్' యింకా విచిత్రం. మిల్ఖా సింగ్ 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో వచ్చాడు. మూడోవాడికీ అతనికీ తేడా సెకనులో పదో వంతు. లాహోర్‌లో అబ్దుల్ ఖాలిక్ మీద గెలిచి 'ఫ్లయింగ్ సిఖ్' అనిపించుకున్నది అదే ఏడాది, కాని రోముకి ముందు. సినిమాలో మాత్రం రోము ముందు, లాహోరు వెనక. ఓటమితో మొదలై గెలుపుతో ముగియాలని క్యాలెండర్నే తిరగేశారు. నేనూ కథలల్లేదాన్నే, అలా ఎందుకు చేశారో నాకు తెలుసు. కాని మిల్ఖా సింగ్ 2021లో, 91 ఏళ్ళ వయసులో కన్నుమూసేదాకా ఆ పదో వంతు సెకనుని మోస్తూనే బతికాడు. అరవై ఏళ్ళ పైచిలుకు. ఆ బరువు మోసిన మనిషి కథ గెలుపు కథకన్నా చిన్నదని ఎవరన్నారు?

ఇక మన తెలుగు సంగతి. నేను కాలేజీలో చదివే రోజుల్లో, 1999లో, 'తమ్ముడు' వచ్చింది. అన్నకి దెబ్బ తగిలితే ఆకతాయి తమ్ముడు బరిలోకి దిగి గెలిచాడు. మేమంతా ఈలలొక్కటే తక్కువ. తరవాత్తరవాత మన సినిమా ఎదిగింది, విషాదాన్నీ చూపిస్తోందని సంతోషించాను. 2010లో 'భీమిలి కబడ్డీ జట్టు' వచ్చింది. 2019లో 'జెర్సీ' వచ్చింది. ఈ రెండిట్లో హీరో ఏమయ్యాడు? ఆట గెలిచాడు. ప్రాణం పోగొట్టుకున్నాడు.

'జెర్సీ' నాకు ఎంతో యిష్టమైన సినిమా. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది, అర్హతతోనే అందుకుంది. మొదటి సగంలో అర్జున్ అనే మాజీ క్రికెటరు, భార్య సంపాదన మీద బతుకుతూ, కొడుకు అడిగిన జెర్సీ కొనడానికి 500 రూపాయల కోసం వూరంతా తిరుగుతాడు. ఏ పెళ్ళాం కళ్ళల్లోకి ఎలా చూడలేకపోతాడో, ఏ స్నేహితుడి దగ్గర నోరు ఎలా పెగలదో, గౌతమ్ తిన్ననూరి అంత దగ్గరగా చూపించారు. 36 ఏళ్ళ వయసులో రంజీ జట్టులో చోటు దొరికాక, ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక, రైలు రొదలో కలిసిపోయేలా స్టేషన్లో నిలబడి అరుస్తాడే, ఆ అరుపు యింకా నా చెవుల్లో వుంది.

కాని చివర్న ఏమైంది? అతను ఆట మానేసింది చేతకాక కాదు, గుండెజబ్బు వల్ల అని తేలింది. అంటే మనం యింతసేపూ చూసిన ఓడిన మనిషి అసలు ఓడిన మనిషే కాడట! అది త్యాగమట. పైగా గుండె ఆగుతుందని తెలిసీ ఆడి, గెలిచి, పోయాడు. కళ్ళు తుడుచుకుంటూనే నేను లోపల గొణుక్కున్నాను. దర్శకుడుగారూ, ఆ 500 రూపాయల మనిషిని నాకు చూపించి, మళ్ళీ నా దగ్గర్నించి తీసేసుకున్నారెందుకు?

మన సినిమాలో హీరో చావచ్చు. ఓడకూడదు. ఈ వాక్యం రాసి నేనే కాసేపు ఆగిపోయాను.

ఇది సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. బొబ్బిలి యుద్ధం 1757లో జరిగితే, గెలిచినవాళ్ళ పాట ఎవరూ పాడలేదు. ఓడిన తాండ్ర పాపారాయుడి కథే బుర్రకథ అయింది. పల్నాటి బాలచంద్రుడి పేరు చెబితే యిప్పటికీ కారంపూడిలో ఏటా వీరుల వుత్సవాలు జరుగుతాయి. ఓడినవాళ్ళని నెత్తిన పెట్టుకున్న జాతి మనది అని గర్వంగా రాయబోయాను. అంతలో కలం అడ్డం తిరిగింది. మనం నెత్తిన పెట్టుకున్నది ఓడినవాళ్ళనా, చనిపోయినవాళ్ళనా? పాపారాయుడు పగ తీర్చుకుని ప్రాణం తీసుకోకుండా, ఓటమి ఒప్పుకుని యింటికి వచ్చి, పొలం దున్నుకుంటూ ముసలివాడై వుంటే, అతని మీద ఒక్క పదమైనా పుట్టేదా?

ఇదేమీ కాలక్షేపం మాట కాదు. 'జెర్సీ' విడుదలైంది 2019 ఏప్రిల్ 19న. ఆ ముందురోజే తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ తరవాతి రోజుల్లో 20 మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రెండిటికీ ముడి పెట్టడం అన్యాయం. నేను పెట్టడం లేదు. కాని తప్పిన మర్నాడు కూడా తెల్లారుతుందనీ, అమ్మ కాఫీ కలిపి యిస్తుందనీ, పక్కింటావిడ ఏదో అంటుందనీ, అన్నా ఫర్వాలేదనీ చూపించే కథలు ఆ పిల్లల చుట్టూ ఎన్ని వున్నాయి? అది మాత్రం కథలు చెప్పేవాళ్ళందరం జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న.

అందరం అన్నాను. అందులో నేనూ వున్నాను. నాలుగేళ్ళ కిందట ఓ వారపత్రికలో నా సీరియల్ వచ్చింది. పల్లెటూరి పిల్ల గ్రూప్ వన్ పరీక్ష రాస్తుంది. రెండుసార్లు తప్పుతుంది. మూడోసారి కూడా తప్పించి, ఆ తరవాత ఆమె ఎలా నిలదొక్కుకుందో రాయాలని నా ఆలోచన. ఇంకో ఆరు వారాలుందనగా పత్రికాఫీసు నుంచి ఫోను. "పాఠకులు వుత్తరాలు రాస్తున్నారండీ, పిల్లని పాస్ చేయించండి" అని. చేయించాను. డిప్యూటీ కలెక్టరు జీపులో వూళ్ళోకి దింపాను. మెచ్చుకుంటూ బోలెడు వుత్తరాలు వచ్చాయి.

వాటిలో ఒకటి మాత్రం మెచ్చుకోలు కాదు. గుండ్రటి అక్షరాలతో, రూళ్ళ కాగితం మీద ఓ అమ్మాయి రాసింది. తనూ మూడుసార్లు తప్పిందట. "మీ కథలో అమ్మాయి కూడా తప్పుతుందనుకున్నాను మేడమ్. తప్పాక ఏం చేస్తుందో చూద్దామని ప్రతి వారం చదివాను" అని వుంది. అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ వుత్తరానికి నేను యిప్పటికీ జవాబు రాయలేకపోయాను. ఆ అమ్మాయి నన్ను అడిగింది గెలుపు కాదు. దారి. నేను జీపు యిచ్చాను.

మా అత్తయ్యగారు అన్నది నిజమే, ఓడినవాళ్ళు వీధి చివర వున్నారు. కాని మనం వాళ్ళని ఓడిన రోజునే చూస్తాం. అయ్యో అంటాం. మర్నాటి నుంచి తల తిప్పుకుంటాం. ఆ తిప్పుకున్న తలని పట్టుకుని మళ్ళీ అటు చూపించడానికే కథ వుండాలి, సినిమా వుండాలి.

తెలుగులోనే ఓ కథ సిద్ధంగా వుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్. మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తింది. బంగారు పతకం 242.5 కిలోల దగ్గర వుంది. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకి చెయ్యి వేసింది. ఎత్తివుంటే బంగారమే. నిలబెట్టలేకపోయింది. కంచు పతకంతో, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా తిరిగి వచ్చింది. ఈ కథని సినిమా తీసేవాళ్ళు ఆ ఆఖరి ప్రయత్నాన్ని దాచెయ్యకూడదని నా కోరిక. ఆ బరువు జారిన క్షణం దగ్గర కెమెరా కాస్త ఆగాలి. లేచి, చేతుల సున్నం దులుపుకుని, ఆమె మళ్ళీ నడవడం చూడాలి. అది అపజయమా, విజయమా అని మనం వాదించుకోవచ్చు. ఆమె మాత్రం నడిచింది.

నిన్న సాయంత్రం యిదంతా మా అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, "బాగానే రాశావు గాని అమ్మాయ్, చావడం తప్ప ఓడి బతికినవాళ్ళ కథే మనకి లేదన్నావు చూడు, అది తప్పు" అన్నారు.

"ఎవరున్నారండీ?"

"ధర్మరాజు లేడూ? ఆయన ఓడింది ఆటలోనే కదా! ఓడి పన్నెండేళ్ళు అడవుల్లో తిరిగాడు. ఆ పైన ఏడాది విరాటరాజు కొలువులో చేరాడు. భీముడంతటివాడు వంటలు చేశాడు. ద్రౌపది యింకొకామెకి జడ వేసింది. వానలు లేకపోతే మనవాళ్ళు చదివించేది ఏ పర్వం? వాళ్ళు గెలిచిన యుద్ధం కాదే, ఆ విరాటపర్వమే!"

నాకు నోట మాట రాలేదు. బీఏ చదివి, పాతికేళ్ళుగా కథలు రాస్తూ, ఇంట్లో వున్న కథని నేను మరిచిపోయాను. ఓడినవాళ్ళ మర్నాటి కథ చదివితే వాన పడుతుందని నమ్మిన జాతి మనది!

ఆవిడ మళ్ళీ వత్తుల పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. కాసేపయ్యాక తలెత్తకుండానే అడిగారు.

"ఇంతకీ ఆ గుడ్లు తాగేవాడు, మర్నాడు ఏం చేశాడే?"